శుక్రవారం పేర్లు దొరకని లైను

2007 వేసవిలో నన్ను కర్నూలు నుంచి కడపకు బదిలీ చేశారు. హోదా సబ్ డివిజనల్ ఇంజనీరు, విభాగం బ్రాడ్‌బ్యాండ్. టెలిఫోన్ శాఖలో ఈ హోదా కింద జూనియర్ టెలికాం ఆఫీసర్లు, వాళ్ళ కింద మెకానిక్కులు ఉంటారు. మెకానిక్కు అనేది కాగితం మీది మాట, జనానికీ మాకూ వాళ్ళు లైన్‌మన్లే. నేను నేరుగా కుర్చీలోకి దిగిన ఆఫీసరును కాను. కర్నూలు ట్రంక్ ఎక్స్ఛేంజిలో చెవికి హెడ్‌సెట్టు తగిలించుకుని ఆపరేటరుగా మొదలుపెట్టి, శాఖ పెట్టే పరీక్షలు ఒక్కొక్కటే రాసుకుంటూ పైకొచ్చినదాన్ని. అందుకే కింది ఉద్యోగుల సాకులు నా దగ్గర చెల్లేవి కావు. నాకు నోరు దురుసని అనేవారు. అది అబద్ధం కాదు.

ఎక్స్ఛేంజి వెనక క్వార్టర్సులో పై అంతస్తు ఇల్లు నాకిచ్చారు. మిగతా ఇళ్ళు చాలావరకు ఖాళీ, సొంత ఇళ్ళు కట్టుకుని అందరూ వెళ్ళిపోయారు. నేను పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగేవాళ్ళు కూడా ఆ వయసుకు అడగడం మానేశారు. అమ్మ అంతకు ముందు ఏడాది డోన్‌లో పోయింది. ఆఫీసర్లకు ఇంట్లో శాఖ వాళ్ళ ఫోను ఉంటుంది, కొన్ని కాల్స్ ఉచితం. అమ్మ ఉన్నన్నాళ్ళూ ఆ ఉచిత కాల్స్ చాలేవి కావు. ఆమె పోయాక ఆ ఫోను పని మీద తప్ప మోగలేదు. ఎవరికైనా చేద్దామని రిసీవరు ఎత్తి, ఎవరికో తోచక పెట్టేసిన సాయంత్రాలున్నాయి. ఊళ్ళో వాళ్ళందరికీ ఫోన్లు కలిపిన మనిషికి చివరికి ఈ గతి పట్టిందా అని నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చేవి.

ఇక పని సంగతి. ఫోను చెడిపోతే 198కి చెప్పుకోవాలని అందరికీ తెలుసు. చెప్పాక జరిగే తంతు మాత్రం చాలామందికి తెలియదు. ఫిర్యాదు టెస్ట్ డెస్కుకు వస్తుంది. అక్కడ కూర్చున్నవాళ్ళు లైనును కొలిచి చూస్తారు, లోపముంటే లైన్‌మన్ వెళ్తాడు. పని అయ్యాక డెస్కు నుంచి ఆ నంబరుకే ఫోను చేసి, బాగుందా అని అడిగి, బాగుందంటే ఫిర్యాదు మూసేస్తారు. ఎంత మోగినా ఎత్తకపోతే 'నో రిప్లై' అని రాసి, అదీ మూసేస్తారు. ఇంట్లో మనిషి లేకపోతే ఎన్నాళ్ళని తెరిచి పెట్టుకుంటాం? అందులో తప్పేమీ లేదనే నేనూ అనుకునేదాన్ని.

వానాకాలం మొదలైన రోజుల్లో ఒక నంబరు నా కంట పడింది. ప్రతి శుక్రవారం ఇంటర్నెట్ రావడం లేదని ఫిర్యాదు. ప్రతి శనివారం 'నో రిప్లై', మూసివేత. లైన్‌మన్ సుబ్బరాయుడిని పిలిచి అడిగాను. ఆ ఇంటి పేరెత్తగానే అతను తల పట్టుకున్నాడు. ఫోను చేస్తే ఎత్తరట, తలుపు కొడితే తీయరట, బయట స్తంభం దగ్గర చూస్తే లైను శుభ్రంగా ఉందట. పని లేనివాళ్ళు ఎవరో మనల్ని ఆడిస్తున్నారని అతని తీర్మానం.

"ఇంట్లో మనిషి ఉండేది నిజమే మేడమ్, కిటికీలో కనపడతాది. పిలిస్తే పలకదు. అట్లాటోళ్ళకు నేనేం జేసేది?" అన్నాడు.

మరుసటి శుక్రవారం మధ్యాహ్నం నేనే బయల్దేరాను. ఆఫీసరు ఫిర్యాదుల మీద ఇళ్ళకు వెళ్ళాలని నిబంధనేమీ లేదు. నేను వెళ్ళింది కర్తవ్యదీక్షతో అని చెప్పుకుంటే అది డాంబికం. ఎవరింటికైనా వెళ్తే కూర్చోమంటారు, టీ ఇస్తారు, నాలుగు మాటలు మాట్లాడతారు. ఆ రోజుల్లో నాకు అదే కావలసి వచ్చింది.

పాత కడపలో సందులోపలి ఇల్లు. కాలింగ్ బెల్లు నొక్కాను. లోపల చప్పుడేమీ కాలేదు. బెల్లు చెడిపోయిందనుకుని తలుపు కొట్టబోతుంటే తలుపు తెరుచుకుంది. పదహారు పదిహేడేళ్ళ పిల్ల. నా మెడలో గుర్తింపు కార్డు చూసింది, మొహం చూసింది, మణికట్టు పట్టుకుని లోపలికి లాక్కెళ్ళింది. కంప్యూటరు ముందు నిలబెట్టి, మెసెంజర్ తెరిచి, ఎర్రగా పడుతున్న లోపం సందేశాన్ని వేలితో పొడిచి చూపించింది. ఒక్క మాట మాట్లాడలేదు. నేను అడిగినదానికీ జవాబు లేదు. ఇంతలో నా సెల్‌ఫోను మోగితే ఆ పిల్ల అటు చూడను కూడా చూడలేదు. అప్పుడు తల పైకెత్తి చూశాను. గది మధ్యలో బల్బు ఒకటి వేలాడుతోంది, దాని తీగ వీధి తలుపు మీదుగా కాలింగ్ బెల్లు మీటకు పోతోంది. నేను బయట నొక్కినది బెల్లు కాదు, ఈ బల్బు. పుట్టుచెవుడు ఉన్న పిల్లకు మేము వారం వారం ఫోను చేసి, బాగుందా అని అడగబోయి, ఎత్తలేదని రాసుకుంటున్నామన్నమాట. సుబ్బరాయుడు మీట నొక్కి మోగలేదని తలుపు బాదుతుండేవాడు. పిల్ల కంట పడేలోపే బల్బు ఆరిపోయేది.

పిల్ల పేరు రేష్మ. కాసేపటికి ఆమె మేనమామ దస్తగిరి వచ్చాడు. పెళ్ళిపత్రికలు, కరపత్రాలు కంప్యూటరు మీద కూర్చి ఇచ్చే చిన్న దుకాణం అతనిది, ఇంటి ముందు గదిలోనే కొంత పని చేస్తాడు. దుకాణం నుంచి 198కి ఫిర్యాదులు చేసింది అతనే. మధ్యాహ్నం పూట అతను దుకాణంలో, భార్య బడిలో ఆయాగా, ఇంట్లో ఈ పిల్ల ఒక్కతే. తెలుగే మాట్లాడే దూదేకుల కుటుంబం. కుర్చీ వేశాడు, టీ తెప్పించాడు, తర్వాత సంగతి చెప్పాడు.

రేష్మ తల్లి మాబున్ని నాలుగేళ్ళుగా కువైటులో ఒకరింట్లో వంటపని. చదువు రాదు కాబట్టి ఉత్తరాలు లేవు. పిల్లకు వినిపించదు కాబట్టి ఫోను లేదు. ఇద్దరికీ మధ్య ఉన్నది చేతులతో మాట్లాడుకునే భాష. బడిలో నేర్పేది కూడా కాదు, చిన్నప్పటి నుంచి తల్లీకూతుళ్ళు వండుకున్న సొంత సైగలు. కంప్యూటరుకు కెమెరా తగిలించి, తల్లి అక్కడి నెట్ సెంటరులో కూర్చుంటే, ఇద్దరూ తెర మీద చేతులు తిప్పుకుంటారు. ఆమెకు సెలవు శుక్రవారం ఒక్కపూట, నమాజు తర్వాత కాసేపు. మనకు అది మూడున్నర ప్రాంతం. సరిగ్గా ఆ వేళకే కొన్ని వారాలుగా ఏ సైటు పేరు కొట్టినా తెరుచుకోవడం లేదు. మిగతా రోజులు అంతా బాగానే ఉంటుంది.

ఒకటి రెండు వారాలు చూడకపోతే కొంప మునిగిందా అని నేను అడిగాను. నా నోరు అంతే. దస్తగిరి తల వంచుకుని చెప్పాడు. రేష్మ తండ్రి బండల గనిలో పోయాడు. పిల్లకు అప్పుడు పదేళ్ళు. తట్టుకోలేదని ఇంటిల్లిపాదీ కలిసి, నాయన బొంబాయికి పనికి పోయినాడని సైగలతో చెప్పారు. నలభై రోజులు గడిచాక, వాళ్ళ ఆనవాయితీ ప్రకారం, పోయినవాడి బట్టలు బీదవాళ్ళకు ఇచ్చేశారు. చాన్నాళ్ళ తర్వాత దర్గా మెట్ల మీద కూర్చున్న ఒక ముసలాయన ఒంటి మీద ఆ పిల్ల వాళ్ళ నాయన గళ్ళచొక్కా చూసింది. దాన్ని పట్టుకుని వదలలేదు. మనుషులు పోవడమంటే ఏమిటో, ఇంట్లోవాళ్ళు తనకు ఏమి చేశారో ఆ రోజు ఒక్కసారే తెలిసిపోయింది.

"ఇప్పుడు వాళ్ళమ్మ గూడా పోయింది, మేము దాస్తాండామని దాని అనుమానం మేడమ్. మాబున్ని బాగుండాది, ఫోన్లో నాతో మాట్లాడతాంది అని చెప్తాండా. నేను ఉత్త ఫోను పట్టుకోని నటిస్తాండానేమో, దానికెట్ల తెలుస్తాది? ఒకసారి అబద్ధం చెప్పినోళ్ళం. నిజం చెప్పినా నమ్మేదెట్ల?"

తల్లి బట్టలున్న ఇనప పెట్టెకు తాళం వేసి, తాళంచెవి నడుముకు కట్టుకుని తిరుగుతోందట ఆ పిల్ల. అంతకు ముందు వారం దస్తగిరి భార్య ఆ చీరలు చెమ్మ పట్టాయని ఎండకు వేస్తే, అన్నీ ఏరుకొచ్చి పెట్టెలో కుక్కి, దాని మీదే పడుకుందట. అన్నం సరిగా తినడం లేదు. ఫోటో తెప్పించి చూపిస్తే పాతదని పక్కకు నెట్టేసింది.

అతను చెబుతుండగానే అతని సెల్లు మోగింది. మాబున్నే. నెట్ సెంటరులో కూర్చుని కూర్చుని విసిగి ఫోను చేసింది. నాకు కూడా ఒక్క క్షణం అనుమానం వచ్చిన మాట దాచను. ఫోను ఇలా ఇవ్వమని అడిగి తీసుకున్నాను. నేనెవరో చెప్పాను.

"నా గొంతుతో దానికేం పని మేడమ్? నా మొగం సూపించండి, సాలు" అంది ఆమె.

రేష్మ నా ఎదురుగా నిలబడి, నా చెవి దగ్గరున్న ఫోనును చూస్తోంది. నా ఉద్యోగమంతా గొంతును ఒక చోటి నుంచి ఇంకో చోటికి మోసే పని. వాళ్ళమ్మ గొంతు నా చెవిలోనే ఉంది. చేయి చాస్తే అందేంత దగ్గరలో ఉన్న పిల్లకు దాన్ని ఇవ్వలేకపోయాను. నాకు చాలా బాధ కలిగింది, ఆ రోజు మరో కప్పు టీ వద్దని లేచి కంప్యూటరు ముందు కూర్చున్నాను.

లోపం కనిపెట్టడానికి ఎక్కువ సేపు పట్టలేదు. కంప్యూటర్లకు పేర్లు తెలియవు, నంబర్లే తెలుసు. మనం పేరు కొడితే, దాని నంబరు ఎంతో చెప్పే యంత్రం ఒకటి వెనక ఉంటుంది. దాన్ని నేమ్ సర్వర్ అంటారు. మా కాలంలో 197కి ఫోను చేసి ఫలానా వారి నంబరు ఎంతమ్మా అని అడిగేవాళ్ళు చూడండి, అదే పని. నేను నంబరు కొట్టి పిలిస్తే అవతలి యంత్రం పలికింది, పేరు కొడితే పలకలేదు. లైను, మోడెం, దారి అన్నీ సవ్యంగా ఉన్నాయి. 197లో కూర్చున్న మనిషే లేదు.

ఆ నేమ్ సర్వర్ మా జిల్లాలో ఉండేది కాదు. చాలా జిల్లాలకు కలిపి దూరాన ఒక పెద్ద కేంద్రంలో పెట్టారు. ఊరి పేరు చెప్పను, కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది. అక్కడి ఆఫీసరుకు ఫోను చేశాను. పాత యంత్రాల నుంచి కొత్తవాటికి మార్చే పని జరుగుతోందని, ప్రతి శుక్రవారం మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా ఆపుతున్నామని చెప్పాడు. రెండో సర్వరు కూడా అదే గదిలో ఉంది, అదీ ఆగిపోతుంది. శుక్రవారమే ఎందుకయ్యా అంటే, వారంలో ఆ పూటే వాడకం తక్కువ అన్నాడు. మొత్తం లెక్కలో అది నిజమే కావచ్చు. కానీ ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. కడప జిల్లాలో వారంలో అసలు రద్దీ శుక్రవారం మధ్యాహ్నమే. కువైటుకు సెలవు కదా. రాజంపేట నుంచి రాయచోటి దాకా గల్ఫులో మనిషి ఉన్న ప్రతి ఇల్లూ అప్పుడే కంప్యూటరు ముందు కూర్చుంటుంది. ఈ ముక్క చెబితే అతను నవ్వి, జనరల్ మేనేజరు సంతకంతో ఉత్తరం రాయించండి మేడమ్, పరిశీలిస్తాం అన్నాడు. మార్పు పని ఇంకా రెండు మూడు నెలలు సాగుతుందట. ఉత్తరం రాయించాను. పైవాళ్ళు పరిశీలించేలోగా ఆ పిల్ల ఏమైపోవాలి?

బయటివాళ్ళ నేమ్ సర్వరు నంబరు ఒకటి ఇచ్చి చేతులు దులుపుకోవచ్చు. శాఖ మనిషిగా అది నాకు నచ్చలేదు, ఆ బయటిది రేపు ఆగితే నేను బాధ్యురాలిని కూడా కాను. ఇంట్లోనే ఒక నేమ్ సర్వరు పెట్టాలని నిశ్చయించాను. దాన్ని కేషింగ్ నేమ్ సర్వర్ అంటారు. కర్నూలులో మా సీనియర్ ఆపరేటర్లు డైరెక్టరీ తెరిచేవారు కాదు. పెద్దాసుపత్రి, బస్టాండు, డోన్ లారీ ఆఫీసులు, శ్రీశైలం డ్యాం ఆఫీసు, రోజూ అడిగే నంబర్లన్నీ నోటికి వచ్చేవి. కొత్తది ఎవరైనా అడిగితే ఒకసారి వెతికేవారు, రెండోసారి వెతక్కుండా చెప్పేవారు. ఈ యంత్రం చేసేదీ అంతే. తనకు తెలియని పేరు అడిగితే, దూరపు కేంద్రంతో పని లేకుండా, ప్రపంచంలో పేర్ల వ్యవస్థకు మూలమైన సర్వర్లను నేరుగా అడుగుతుంది. 'కామ్' సంగతి ఎవరికి తెలుసు, వాళ్ళ కింద ఈ పేరు సంగతి ఎవరికి తెలుసు అని మెట్టు మెట్టు దిగి నంబరు పట్టుకొస్తుంది. తెచ్చినదాన్ని గుర్తు పెట్టుకుంటుంది. ఒక్క షరతు, ప్రతి జవాబుతోపాటు గడువు వస్తుంది. అది తీరగానే మరిచిపోయి మళ్ళీ అడగాలి, ఎందుకంటే ఈలోగా నంబరు మారి ఉండవచ్చు.

దస్తగిరి ఇంట్లో అప్పటికే మూడు కంప్యూటర్లు ఒక నెట్‌వర్క్ స్విచ్చుకు కలిపి ఉన్నాయి. మూలనపడ్డ నాలుగోదాన్ని దుమ్ము దులిపి, లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టం ఎక్కించాను. నేమ్ సర్వరు ప్యాకేజీ వేసి, మూల సర్వర్ల జాబితా సరిచూసి, ఇంటి లోపలి కంప్యూటర్లు తప్ప బయటివాళ్ళెవరూ అడగకుండా కట్టడి పెట్టాను. దానికి మారని నంబరు ఇచ్చి, మిగతా మూడింటిలో నేమ్ సర్వరు గడిలో ఆ నంబరు నింపాను. చెప్పడానికి నాలుగు వాక్యాలు, చేయడానికి నాకు ఆ వారమంతా సాయంత్రాలు పట్టాయి. మొదట అది తనను తానే అడిగితే చెప్పేది, పక్క కంప్యూటరు అడిగితే ఉలకదు పలకదు. అది తన మాట మాత్రమే వినేలా ఉన్న అమరికను మార్చాలి, బయటివాళ్ళను ఆపే కావలి ఫైర్‌వాల్‌లో, పేర్ల ప్రశ్నలు వచ్చే యాభై మూడో ద్వారం తెరవాలి. మొదటిది చేసి రెండోది మరిచి ఒక సాయంత్రమంతా తిట్టుకున్నాను. వాళ్ళింట్లో కూర్చుని తిట్టుకోవడం కూడా నాకు బాగానే ఉంది. చీకటి పడ్డాక క్వార్టర్సుకు వచ్చి తాళం తీయడానికి మాత్రం మనసొప్పేది కాదు.

రేష్మ నా వెనక నిలబడి అన్నీ చూసేది. నన్ను నమ్మి కాదు. మామ పిలిపించిన ఇంకో నటి అనుకుని ఉంటుంది. చెవిటి పిల్లల బడిలో కొన్నేళ్ళు చదివింది కాబట్టి చిన్న చిన్న తెలుగు వాక్యాలు రాసేది. మొదటి రోజే ఒక కాగితం మీద, 'నేను చెప్పింది నమ్మొద్దు, శుక్రవారం నువ్వే చూడు' అని రాసిచ్చాను. చదివి మడిచి పెట్టుకుంది.

సర్వరును ఎలా పరీక్షించాలో చూపించాను. ఒక పేరు అడిగితే కింద జవాబు రావడానికి పట్టిన సమయం పడుతుంది. మొదటిసారి పెద్ద అంకె, అదే పేరు మళ్ళీ అడిగితే సున్నా. ఆ పిల్లకు ఇది నచ్చింది. అడిగినవే అడిగి చూసింది. తర్వాత తనంతట తానే మోడెం తీగ ఊడపీకి, మళ్ళీ అడిగింది. తీగ లేకపోయినా సర్వరు జవాబు చెప్పింది. కొత్త పేరు అడిగితే చెప్పలేకపోయింది. నేను మెచ్చుకుందామని చూస్తే ఆమె మొహం పాలిపోయి ఉంది. కాగితం తీసుకుని రాసింది.

'అవతల లేకపోయినా ఇది చెప్తోంది. అమ్మను కూడా గుర్తు పెట్టుకుని చూపిస్తుందా?'

ఇన్నేళ్ళ సర్వీసులో ఏ ఇన్‌స్పెక్షన్‌లోనూ నన్ను అంత ఇరుకున పెట్టిన ప్రశ్న లేదు. దస్తగిరి చదివి మొహం తిప్పుకున్నాడు. నేను అదే కాగితం మీద రాశాను. 'ఇది ఇంటి చిరునామా గుర్తు పెట్టుకుంటుంది. ఇంట్లో మనిషిని గుర్తు పెట్టుకోలేదు. మనిషి అక్కడ ఉంటేనే కనిపిస్తుంది.' కింద ఇంకో వాక్యం చేర్చాను. 'అనుమానముంటే ఏదైనా పని చెప్పు. గుర్తుండిపోయిన మనిషి కొత్త పని చేయలేదు.'

శుక్రవారం వచ్చింది. భోజనం కాగానే వెళ్ళాను. రెండున్నరకు కరెంటు పోయింది. మా ప్రాంతంలో ఆ రోజుల్లో కోతకు వేళాపాళా ఉండేది కాదు. దుకాణం నుంచి తెచ్చిన యూపీఎస్ కూతలు పెట్టి పెట్టి ఆగిపోయింది. సర్వరు పోయింది. దాని జ్ఞాపకమంతా పనిచేస్తున్నంతసేపే, కరెంటు పోతే తుడిచిపెట్టుకుపోతుంది. దస్తగిరి వీధిలోకీ ఇంట్లోకీ తిరుగుతున్నాడు. రేష్మ పెట్టె మీద కూర్చుని నన్నే చూస్తోంది. నేను ఆ చూపును తప్పించుకుంటూ మనసులో ఎంతమంది దేవుళ్ళకు మొక్కానో నాకే తెలియదు. ఆ పిల్లకు అబద్ధం చెప్పినవాళ్ళ వరసలో నేనూ చేరతానేమోనని భయపడ్డాను.

మూడున్నరకు కొంచెం ముందు కరెంటు వచ్చింది. ఎవరూ చెప్పకుండానే రేష్మ వెళ్ళి సర్వరు ముందు కూర్చుంది. మెసెంజరుకు కావలసిన పేర్లు ఒక్కొక్కటే అడిగింది. దూరపు కేంద్రం ఆ వేళకు ఎప్పటిలాగే ఆగి ఉంది. మాది మాత్రం తడుముకుంటూ ఒక్కో జవాబూ తెచ్చింది. రెండోసారి అడిగింది, సున్నా. అప్పుడు లేచి కెమెరా ఉన్న కంప్యూటరు దగ్గరకు వెళ్ళింది.

కాసేపటికి తెర మీద అగ్గిపెట్టెంత గడిలో ఒక మనిషి కనిపించింది. నల్ల బురఖా, చెదిరిన బొమ్మ, కదలిక తడవ తడవకూ ఆగుతోంది. రెండు చేతులూ ఆత్రంగా తిరుగుతున్నాయి. రేష్మ చేతులు ఎత్తలేదు. తెరకు మొహం ఆనించి చూస్తూ కూర్చుంది. తర్వాత చిన్నగా ఒక సైగ చేసింది. తెర మీద తల్లి లేచి నిలబడింది. ఇంకో సైగ. ఆమె వెనక్కి తిరిగింది. ఇంకోటి. ఆమె పక్కనున్న మనిషిని ఏదో అడిగి, నీళ్ళసీసా అందుకుని తాగి చూపించింది. బోర్లించి ఒక్క చుక్క కూడా లేదని చూపించింది. దస్తగిరి నా పక్కన గోడకు తిరిగి ఏడుస్తున్నాడు.

రేష్మ నడుముకు కట్టుకున్న తాళంచెవి విప్పింది. దాన్ని కెమెరా ముందు ఎత్తి పట్టుకుని తల్లికి చూపించింది. తల్లికి అర్థమైందో లేదో నేను చెప్పలేను. ఆ పిల్ల వెనక్కి తిరిగి తాళంచెవిని మేనమామ చేతిలో పెట్టింది. అప్పుడు చేతులెత్తి మాట్లాడటం మొదలుపెట్టింది. వారాల తరబడి ఆగిన మాటలు, ఒకదాని మీద ఒకటి వచ్చిపడుతున్నాయి. ఆ భాష నాకు ఒక్క ముక్క తెలియదు. మూలనున్న కుర్చీలో కూర్చుని, ఇక ఇక్కడ నాకు పని లేదని అనుకున్నాను.

లేవబోతుంటే రేష్మ నా వైపు చూపించి తల్లితో ఏదో చెప్పింది. ఒక వేలితో గాలిలో మీట నొక్కినట్టు చేసి, పిడికిలి పైకెత్తి, వేళ్ళు విప్పింది. మాబున్ని అదే సైగ తిరిగి చేసింది. అదేమిటని దస్తగిరిని అడిగాను.

"మీ పేరు మేడమ్. దాని భాషలో అందరికీ ఒక పేరుంటాది. బెల్లు నొక్కి బల్బు వెలిగించినామె అని మీకు పెట్టింది."

ఆ తర్వాత నేను వాళ్ళింటికి ఒకటి రెండుసార్లే వెళ్ళాను. లోపం లేని ఇంటికి ఆఫీసరు ఏ వంకతో వెళ్తుంది? వెళ్ళాలని మాత్రం చాలాసార్లు అనిపించింది. శుక్రవారాలు సాగుతున్నాయని, కరెంటు పోయి వస్తే పిల్లే అన్నీ సరిచేసుకుంటోందని దస్తగిరి ఫోన్లో చెప్పేవాడు. ఒక శుక్రవారం చూసినదాన్ని రేష్మ మళ్ళీ శుక్రవారం దాకానే నమ్మేదట. ప్రతిసారీ తల్లి ఏదో ఒక కొత్త పని చేసి చూపించాలి. మా ఉత్తరానికి జవాబు కార్తీక మాసంలో వచ్చింది. కొత్త సర్వర్లు పని ప్రారంభించాయని, మీ జిల్లా నుంచి పెండింగు ఫిర్యాదులేవీ లేనందున తదుపరి చర్య అవసరం లేదని రాశారు. లేకపోవడానికి కారణం, శనివారానికి బాగైందనో 'నో రిప్లై' అనో రాసి మేమే అన్నీ మూసేయడం.

కడపలో ఉన్నన్నాళ్ళూ ఒక పద్ధతి మార్చాను. 'నో రిప్లై' వచ్చిన ఫిర్యాదును ఇంటికి వెళ్ళి మనిషిని చూడకుండా మూయకూడదు, బెల్లు మోగకపోతే చెడిపోయిందనుకోకూడదు. సుబ్బరాయుడు నెల రోజులు సణిగాడు. తర్వాత అలవాటు పడ్డాడు. నా తర్వాత వచ్చినవాళ్ళు దాన్ని కొనసాగించారో లేదో నాకు తెలియదు.

ఇప్పుడు కర్నూలులో ఉంటున్నాను. హెడ్‌సెట్టు పెట్టుకున్న ఎడమ చెవి దాదాపు పోయింది, కుడిది దాని దారిలోనే ఉంది. హాలులో కాలింగ్ బెల్లుకు బల్బు పెట్టించుకున్నాను. ఎలక్ట్రీషియను ఇదేం కోరిక అమ్మా అని నవ్వాడు. ఫోను మోగి ఆగిపోయినా నాకు తెలియదు, కాబట్టి నాకు చేసేవాళ్ళ లెక్కలో నేనూ 'నో రిప్లై'నే. ఆ ఉద్యోగంలో నేను నేర్చుకున్నది ఇది. జవాబు రాలేదంటే లోపల మనిషి లేరని అర్థం కాదు, మనం పిలిచిన పద్ధతి వాళ్ళకు చేరలేదని మాత్రమే అర్థం. అది తేల్చుకోవాలంటే తలుపు దాకా వెళ్ళాలి, మీట నొక్కాక కాసేపు నిలబడాలి.